పద్మమ్మ కాదు, పెంటమ్మ

పోయిన ఏడాది మాఘమాసంలో మా నాయినమ్మ చనిపోయింది. ఎనభై దాటిన మనిషి. నాలుగు రోజులు జ్వరంతో మంచం పట్టి, అయిదో రోజు తెల్లవారుజామున పోయింది. మాది సిద్దిపేట దగ్గర ఊరు. మేం హైదరాబాద్ నుంచి చేరేసరికే బస్టాండు దగ్గర వేపచెట్టుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆధార్ కార్డు మీది ఫొటోనే పెద్దది చేసి పెట్టారు. రెండు పక్కలా దీపాలు, పైన ‘కన్నీటి నివాళి’, కింద పెద్ద అక్షరాల్లో ‘శ్రీమతి పద్మమ్మ గారు’.

మా నాయినమ్మ పేరు పెంటమ్మ.

ఫ్లెక్సీ రాయించింది మా చిన్నాయన. ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. తల్లి పోయిన పూట ఎవరికైనా ఏం తోస్తుంది? తర్వాత నేనడిగితే, "పట్నం నుంచి మీ ఆఫీసోళ్ళు వస్తరు, పిల్లల దోస్తులు వస్తరు. ఆ పేరు బజార్ల ఎందుకు బిడ్డా" అన్నాడు. పోయిన మనిషి మీద నలుగురూ నవ్వకూడదని ఆయన తాపత్రయం. అది నాకు అర్థమైంది.

కానీ మూడో రోజు లచ్చవ్వ వచ్చింది. పక్క ఊరి మనిషి. నలభై ఏళ్ళు మా నాయినమ్మతో ఒకే గుంపులో నాట్లు వేసింది, కలుపులు తీసింది. ఇద్దరూ కలిసి ఎన్ని ఊళ్ళ బురదలు తొక్కారో లెక్కలేదు. నాయినమ్మ పోయిన రోజునే ఆమె పింఛను డబ్బుల కోసం మా ఊరి పోస్టాఫీసుకు వచ్చిందట. కళ్ళల్లో శుక్లాలు, ఫ్లెక్సీ మీది ఫొటో ఆనలేదు. అక్కడున్న పిల్లగాణ్ణి ఎవరు పోయారని అడిగితే, వాడు ఉన్నది ఉన్నట్టు చదివాడు, పద్మమ్మట అని. "ఎవ్వలో పాపం" అనుకుని డబ్బులు తీసుకుని వచ్చిన బస్సులోనే వెళ్ళిపోయింది. మేం అప్పుడు నాయినమ్మకు స్నానం చేయిస్తున్నాం, అక్కడికి రెండు వందల గజాల దూరంలో.

"గాడనే ఉంటిని బిడ్డా. మా పెంటమ్మ అని తెలిస్తే ఆఖరు సారి ముఖం సూసుకోకపోదునా?" అని మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. అప్పటి నుంచి ఈ పేరు నా మనసులో తిరుగుతూనే ఉంది. అనుకున్నవన్నీ ఒక దగ్గర పెట్టి చూద్దామని ఇవాళ కూర్చున్నాను.

చాటలో పండబెట్టి

ఈ పేరు ఎట్లా వచ్చిందో నాకు నాయినమ్మే చెప్పింది. నేను ఇంటర్ చదివేటప్పుడు ఎండాకాలం సెలవుల్లో, ఇద్దరం కూర్చుని చింతపండు గింజ తీస్తుంటే. ఆమెకంటే ముందు ముగ్గురు పుట్టి పోయారట. ఒకడు పురిట్లోనే. ఒకామె రెండేళ్ళు పెరిగాక అమ్మవారు పోసి. ఇంకొకడు బాగానే పుట్టాడు, ఏడో రోజు నుంచి పాలు పట్టడం మానేశాడు, దవడలు బిగుసుకుపోయాయి, ఒళ్ళు విల్లులా వంగిపోయింది. "ఏ గాలి సోకిందో" అంది నాయినమ్మ. ఆ గాలి పేరు ధనుర్వాతమని, బొడ్డు కోసిన కొడవలి నుంచి వస్తుందని నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను.

నాలుగో కాన్పులో నాయినమ్మ పుట్టింది. పుట్టగానే మంత్రసాని పిల్లను తల్లికి చూపించలేదు. చీకిపోయిన పాత చాటలో పండబెట్టి, పాత గుడ్డ కప్పి, కొట్టం వెనక పెంటకుప్ప మీద పెట్టి వచ్చింది. అంతా ముందే మాట్లాడుకున్నదే. వాడకట్టులో మల్లవ్వ అని ఒకామె ఉండేదట, కన్న అయిదుగురూ బతికిన తల్లి. ఆమె ఆ దారిన ఊరికే పోతున్నట్టు పోయి, "ఎవ్వలో పిల్లను పారేసి పోయిండ్రు" అని గట్టిగా అని, చాటను ఎత్తుకుని ఇంటి ముందుకు వచ్చింది. "పెంట మీద పిల్ల దొరికింది, కొనుక్కుంటరా?" అని అడిగింది.

అప్పుడు లోపల పురిటి మంచం మీది నుంచి మా నాయినమ్మ తల్లి నర్సవ్వ, బయటకు వినబడేటట్టు, "మాకెందుకు? మాకు పిల్లలు అచ్చిరారు. అది నా బిడ్డ గాదు" అనాలి. అన్నది. రెండోసారి అడిగింది మల్లవ్వ. రెండోసారీ అట్లనే అన్నది. మూడోసారి సోలెడు జొన్నలు ఇచ్చి కొనుక్కున్నది. ఆ తర్వాతే పిల్లకు పాలు పట్టింది.

నాకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. కాన్పు అయిన అరగంటకు ఒళ్ళు ఎట్లా ఉంటుందో తెలుసు. పొద్దటి నుంచి నొప్పులు పడి, పిల్ల ఏడుపు గోడ అవతల నుంచి వినబడుతుంటే, పాలు చేపుకు వస్తుంటే, అది నా బిడ్డ కాదని రెండుసార్లు గట్టిగా అనగలిగిన తల్లి ఎంత భయపడి ఉండాలి? మూడుసార్లు గుంట తవ్విన ఇల్లు అది. ఆ మాట ఎవరికి వినబడాలో వాళ్ళకు వినబడాలని అన్నది. దిష్టి కావచ్చు, బాలగ్రహం కావచ్చు, యముడే కావచ్చు. ఇది ఎవరికీ అక్కర్లేని పిల్ల, పెంట మీది పిల్ల, దీన్ని తీసుకుపోయి ఏం చేసుకుంటావు అని చెప్పడం. ఆ పేరు పిలిచిన ప్రతిసారీ మళ్ళీ అదే చెప్పినట్టు.

అందుకే నేననేది, పెంటమ్మ అన్నది ఎంతో కావాలనుకున్న పిల్లకు పెట్టిన పేరు. తెలుగులో ఆడపిల్లలకు పెట్టిన పేర్లలో ఇంత ప్రేమతో, ఇంత గుండెదడతో పెట్టిన పేరు ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

పిచ్చమ్మ, పుల్లమ్మ, తవిటమ్మ

ఇంజనీరింగ్ హాస్టల్లో మా గదిలో తెనాలి వైపు అమ్మాయి ఉండేది. ఒకసారి ఇంటి నుంచి వచ్చిన ఉత్తరంలో నాయినమ్మ పేరు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ వైపు పెంట అంటే వట్టి అశుద్ధమే. "అదేం పేరే!" అంది. నాకు చాలా కష్టంగా తోచింది, రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఎప్పుడో రాత్రి మాటల్లో వాళ్ళ ముత్తవ్వ పేరు బయటపడింది. పిచ్చమ్మ.

పిచ్చి ఉన్నందుకు పెట్టిన పేరు కాదది. అది బిచ్చం. పుట్టిన పిల్ల మాది కాదు, బిచ్చంగా దొరికింది అని. గుంటూరు, కృష్ణా వైపు పిచ్చయ్యలు, పిచ్చమ్మలు, మా వైపు భిక్షమయ్యలు, భిక్షమ్మలు అంతా ఒకే చెట్టు కొమ్మలు. తమిళంలో పిచ్చై అంటే ఇప్పటికీ భిక్షే. పుల్లమ్మ, పుల్లయ్య సంగతి కూడా ఇంతే. పుల్లాకులంటే తిని పారేసిన విస్తళ్ళు. పిల్లను వాటి మీద దొర్లించి ఆ పేరు పెట్టేవాళ్ళు. తెలుగు సినిమా తొలినాళ్ళలో పేరు మోసిన దర్శకుల్లో ఇద్దరు పుల్లయ్యలే, చిత్తజల్లు పుల్లయ్య, పోలుదాసు పుల్లయ్య. ఆ పేర్ల వెనక ఒక విస్తరాకు ఉండి ఉండవచ్చని మనకు తట్టదు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళితే తవిటమ్మ, తవిటయ్య, తవిటినాయుడు. చేటెడు తవుడు పోసి కొనుక్కున్న పిల్లలు. మా నాయినమ్మకు జొన్నలు, వాళ్ళకు తవుడు. అనంతపురం వైపు, కన్నడ దేశంలో తిప్పమ్మ, తిప్పయ్య. కన్నడంలో తిప్పె అంటే పెంటకుప్పే. తమిళనాట కుప్పమ్మాళ్, కుప్పుస్వామి. బెంగాల్లో ఖుదీరాం బోస్ పేరు చూడండి. అంతకుముందు ఇద్దరు కొడుకులు పోయిన ఇంట్లో పుట్టాడు. అక్కకు మూడు పిడికిళ్ళ నూకలకు అమ్మారు. నూకలను వాళ్ళు ఖుద్ అంటారు, ఆ పేరే నిలిచింది. 1908లో ఉరికంబం ఎక్కేనాటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. నూకలతో పద్దెనిమిదేళ్ళు కొన్నారు ఆ తల్లీ అక్కా.

ఇవన్నీ నా రూమ్మేట్‌కు నేను అప్పుడు చెప్పలేకపోయాను, అప్పటికి నాకూ ఇంత తెలియదు. పిచ్చమ్మ, పెంటమ్మ అక్కాచెల్లెళ్ళని మాత్రం ఆ రాత్రే ఇద్దరికీ అర్థమైంది.

ఇంకొకటి, మా తెలంగాణ వాళ్ళకు నేను ప్రత్యేకంగా గుర్తు చేయాల్సింది. ప్రతి బతుకమ్మకూ మనం చెప్పుకునే కథ ఏమిటి? ధర్మాంగదుడు, సత్యవతి బిడ్డలందర్నీ పోగొట్టుకున్నారు. మళ్ళీ తపస్సు చేస్తే ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను చూసి అందరూ నోరారా అన్న మాటే ఆమె పేరయింది, బతుకమ్మా అని. బతుకమ్మ, పెంటమ్మ ఒకే భయంలోంచి పుట్టిన పేర్లు. ఒకటి పిల్లతో చెప్పిన మాట, ఇంకొకటి చావుతో చెప్పిన మాట. మొదటిదాన్ని పూలతో పేర్చి తొమ్మిది రోజులు నెత్తిన పెట్టుకుంటాం. రెండోదాన్ని ఫ్లెక్సీ మీద రాయడానికి సిగ్గుపడుతున్నాం.

పెంట అంటే

మా మేనమామ ఒకాయన దశదినకర్మ రోజు నన్ను ఊరడించడానికి ఒక సంగతి చెప్పాడు. "పెంట అని కాదు బిడ్డా. పెంటి అంటే ఆడది. పెంటికోడి అనమా? పెంటమ్మ అంటే ఆడితల్లి అన్నట్టు" అని. మంచి మనసుతో చెప్పాడు, పెంటి మాట కూడా నిజమే. కానీ ఇది ఒప్పుకోలేను. అదే నిజమైతే పెంటయ్య ఎక్కడి నుంచి వచ్చాడు? మా ఊళ్ళోనే నలుగురు పెంటయ్యలున్నారు. మగవాడికి ఆడితనం పేరు పెట్టరు కదా. పైగా నాయినమ్మకు చాట, కుప్ప, జొన్నలు అన్నీ తెలిసినవే. పేరుకు మెరుగు పెట్టబోయి మల్లవ్వనూ నర్సవ్వనూ కథలోంచి తీసేస్తే ఎట్లా?

అసలు పెంట అన్న మాట వినగానే ముక్కు మూసుకోవడం కూడా ఈ మధ్య వచ్చిందే. మా చిన్నప్పుడు ఎండాకాలం చివర్లో ఊరంతా పెంట తోలేవాళ్ళు. ఏడాదంతా పేడ, చెత్త, పొయ్యిలో బూడిద వేసి మాగిన కుప్పను తవ్వి, బండ్లకెత్తి పొలాల్లో కుప్పలు కుప్పలుగా పోసేవాళ్ళు. తొలకరికి ముందు ఆ కుప్పలతో పొలం చుక్కల చీరలా ఉండేది. పెంటకుప్ప ఎంత పెద్దదైతే ఆ ఇంట్లో అన్ని పశువులున్నట్టు, అంత పంట పండినట్టు. పిల్లనిచ్చే ముందు కొట్టం వెనక్కి పోయి చూసి వచ్చేవాళ్ళట. గుమ్మడిగింజ అక్కడ పడితే ఎవరూ నీళ్ళు పోయకుండానే పాకేది. పేడముద్దనే గొబ్బెమ్మగా చేసి, పసుపు కుంకుమ పెట్టి, నెత్తిన గుమ్మడిపువ్వు గుచ్చిన జాతి మనది.

నల్లమలలో చెంచులు తమ గూడేన్నే పెంట అంటారు. అప్పాపూర్ పెంట, మల్లాపూర్ పెంట. ఊరికి ఆ మాట పెట్టుకున్న మనుషులున్న భాషలో, మనిషికి ఉంటే ఇంత చిన్నతనం ఎందుకో నాకు తెలియడం లేదు. యూరియా బస్తా వచ్చాక పెంట విలువ పోయింది, దానితో పాటు ఆ పేరు విలువా పోయిందని నా అనుమానం.

‘గా’ ఎవరు పెట్టారు

ఇక్కడి దాకా చదివి కొందరికి కోపం వస్తుందని తెలుసు. రావాలి కూడా. ఈ పేర్లు మురిపెంతో పెట్టుకున్నవే కాదు, పెట్టించినవీ ఉన్నాయి. దొరల గడీల కాలంలో పేద కులాల వాళ్ళు దేవుళ్ళ పేర్లు, దొరసానుల పేర్లు పెట్టుకుంటే ఊరుకోలేదన్నది మా ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పే మాటే. ఎల్లి, మల్లి, పోశి, పెంటి. పేరులో అయ్య, అమ్మ నిలవనిచ్చేవాళ్ళు కాదు. ఒక్క పేరును బట్టి అది పిల్లలు పోయిన ఇంటి పేరా, పెద్దరికం లాక్కున్న ఊరి పేరా అని తేల్చలేం. ఈ రెండు చరిత్రలూ ఒకే మూడు అక్షరాల్లో కలిసిపోయి ఉన్నాయి. దళిత రచయితలు ఈ పేర్లను ముల్లులా ఎందుకు చూస్తారో నాకు అర్థమవుతుంది. మా కుటుంబానికి నాలుగెకరాలుండేది, మేం పడనివి వాళ్ళు పడ్డారు. ఆ గాయం గురించి వాళ్ళకు నేను పాఠం చెప్పబోను.

కానీ మా ఊరి మాదిగవాడలో పెంటయ్య తాత ఒక మాట చెప్పాడు, అది చెప్పకుండా ఉండలేను. చిన్నప్పుడు ఆయన ఒక పటేల్ దగ్గర జీతం ఉన్నాడు. పటేల్ పిలుపు ‘పెంటిగా’. పేరు మార్చుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా తాతా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "పెంటయ్య మా అవ్వ పెట్టింది. గా పటేల్ పెట్టిండు. మార్సుకుంటే గాను మార్సాలె గని పెంటయ్యనెందుకు?" అన్నాడు. ఇప్పుడు ఆయన మనవడు వార్డు మెంబరు. ఊళ్ళో అందరూ పెంటయ్య తాత అనే పిలుస్తారు.

ఆడపిల్ల వద్దనుకుని పెట్టే పేర్లతో కూడా దీన్ని కలపకూడదు. మహారాష్ట్రలో సతారా జిల్లాలో నకుసా అని పేరున్న ఆడపిల్లలు 285 మందికి 2011 అక్టోబరులో అధికారులే వేడుక చేసి కొత్త పేర్లు పెట్టించారు. నకుసా అంటే అక్కర్లేనిది. మూడో ఆడపిల్లో నాలుగో ఆడపిల్లో పుట్టిందన్న చిరాకుతో పెట్టిన పేరది. ఆ పిల్లలు తమకు నచ్చిన పేర్లు ఎంచుకోవడం చదివి నేను సంతోషించాను. పైకి చూస్తే నకుసా, పెంటమ్మ ఒకే రకం పేర్లు. లోపల పూర్తిగా ఎదురెదురు. అక్కడ అక్కర్లేదన్న మాటకు అర్థం నిజంగా అక్కర్లేదనే. ఇక్కడ ఆ మాట ఒక తల్లి ఆడిన అబద్ధం.

ఆమెకు ఇష్టమేనా

నా వాదనకు అన్నిటికంటే గట్టి అడ్డు మా నాయినమ్మే. ఏడెనిమిదేళ్ళ కింద ఆమెను సిద్దిపేటలో ఒక కళ్ళ దవాఖానకు తీసుకుపోయాను. హాలు నిండా జనం. లోపలి నుంచి నర్సు గట్టిగా పిలిచింది, "పెంటమ్మా". ఎదురు వరుసలో కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని చున్నీ అడ్డం పెట్టుకున్నారు. నాయినమ్మ లేవలేదు. మళ్ళీ పిలిచింది. కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ నేల చూస్తూ కూర్చుంది. మూడోసారికి నేనే లేచాను. రెండోసారి వెళ్ళినప్పుడు కౌంటర్ దగ్గర నా మోచెయ్యి పట్టుకుని, "పద్మ అని రాయించు బిడ్డా" అంది.

ఫ్లెక్సీ మీది పద్మమ్మ అక్కడి నుంచి వచ్చింది. చిన్నాయన కూడా అదే అన్నాడు, "ఆమెనే రాయించుకున్నది గద". ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. చాలా రోజులు లేదు. ఆమె అడిగిందే ఆయన చేశాడు. మరి నేనెవర్ని కాదనడానికి?

ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కానీ ఆ అడిగింది ఎక్కడన్నది నాకు ముఖ్యమనిపిస్తుంది. తెలియని ఊళ్ళో, తెలియని జనం నడుమ, ఎవరో నవ్వితే అడిగింది. మా ఊళ్ళో, తన వాడకట్టులో, నాట్ల గుంపులో ఎనభై ఏళ్ళు ఆ పేరుకే ‘ఆ’ అని పలికింది. పద్మ అంటే ఆమె వెనక్కి తిరిగి చూసేది కాదు. ఆ రెండోసారి దవాఖానలో పద్మా అని పిలిచినప్పుడు కూడా నేనే గుర్తు చేయాల్సి వచ్చింది, నిన్నే పిలుస్తున్నారని. తప్పు ఆమె పేరుది కాదు, ఆ నవ్వుది. నవ్వినవాళ్ళను వదిలేసి ఆమె పేరును దాచేశాం.

ఇంకొకటి కూడా ఉంది. మా ఇంట్లో తప్ప బయట ఎవరికీ చెప్పలేదు. నా పెద్దబిడ్డ ఎనిమిదో నెలలో పుట్టింది. కిలోన్నర కూడా లేదు. తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. కాలికి కట్టిన పట్టీ మీద పిల్లకు పేరు లేదు, బేబీ ఆఫ్ అని నా పేరు. నాలుగో రోజు ఇన్ఫెక్షన్ అన్నారు, నమ్మకంగా చెప్పలేం అన్నారు. ఆ రాత్రి నాయినమ్మ ఫోన్ చేయించింది. ఏడవలేదు, ధైర్యం కూడా చెప్పలేదు. "దానికి నా పేరు పెట్టు. ఏడాది నిండేదాక. నిండినంక మీకు నచ్చింది పెట్టుకోండ్రి" అంది. అంతే, ఫోన్ మా చిన్నమ్మకు ఇచ్చేసింది.

నేను ఇంజనీరింగ్ చదివిన దాన్ని. పిల్లను బతికించింది యాంటీబయాటిక్, ఆక్సిజన్, పగలూ రాత్రీ చూసుకున్న నర్సులు. ఇందులో నాకు సందేహం లేదు. అయినా ఆ రాత్రి అద్దం దగ్గర నిలబడి చిన్నగా పెంటీ అని పిలిచాను. ఏడాది పాటు ఇంట్లో అట్లాగే పిలిచాం. జనన ధ్రువపత్రంలో పేరు తర్వాత రాయించుకోవచ్చు కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంచాం. మొదటి పుట్టినరోజు నాడు ఆద్య అని పెట్టాం. ఆ రోజు నాయినమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, నెత్తి నిమిరి, "ఇగ నా పేరు నాకియ్యి" అంది.

కౌంటర్ దగ్గర పద్మ అని రాయించుకున్న మనిషీ, ఫోన్లో తన పేరు ఇచ్చిన మనిషీ ఒకరే. జనం నడుమ బరువనిపించిన ఆ పేరునే, పిల్ల ప్రాణం మీదికి వచ్చినప్పుడు తన దగ్గరున్న గట్టి వస్తువుగా తీసి ఇచ్చింది. అందుకే ఆమెకు ఆ పేరంటే సిగ్గు అని ఎవరైనా అంటే నేను సగమే ఒప్పుకుంటాను.

పేరు ఎందుకు ఆగిపోయింది

మా ఊరి పింఛను వరసలో నిలబడితే అరవై దాటిన వాళ్ళల్లో పెంటమ్మలు, పెంటవ్వలు ఇప్పటికీ వినబడతారు. నలభై లోపు నాకు తెలిసి ఒక్కరూ లేరు. అందరూ దీన్ని నాగరికత అంటారు. చదువు వచ్చింది, టీవీ వచ్చింది, పేర్లు మారాయి అంటారు. కొంత నిజమే. బడిలో చేర్పించుకునేటప్పుడు సార్లే పేర్లు మార్చి రాసేవాళ్ళు. మా మేనత్త ఇంట్లో పోశవ్వ, రిజిస్టర్లో పుష్ప. ఆమె పుట్టిన తేదీ కూడా సార్ రాసిందే.

కానీ నాకు కనిపించే పెద్ద కారణం వేరు. దేశంలో 1971లో వెయ్యి మంది పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్ళు. దాదాపు ఎనిమిది మందిలో ఒకరు. నాయినమ్మ పుట్టిన నాటికి ఇంకా ఎక్కువ. 2020కి అది 28కి తగ్గింది, తెలంగాణలో 21కి. మశూచి మన దేశంలో 1975లో ఆఖరుసారి కనిపించి పోయింది. గర్భిణులకు టెటనస్ సూది, దవాఖానలో కాన్పులు వచ్చాయి. పసికందుల ధనుర్వాతాన్ని అదుపు చేశామని 2015లో ప్రకటించుకోగలిగాం. నర్సవ్వ ముగ్గురు పిల్లల్లో కనీసం ఇద్దరు ఇప్పుడైతే బతికేవాళ్ళు. చాటతో, కుప్పతో, అబద్ధంతో తల్లులు చేయబోయిన పనిని సూదిమందు చేసింది. ఆ పేరుతో పని లేకుండా పోయింది కాబట్టే ఎవరూ పెట్టడం లేదు. ఇందుకు నాకు బెంగ లేదు, సంతోషమే. ఇకమీదట ఏ తల్లీ తన పిల్లకు పెంటమ్మ అని పెట్టాల్సిన అవసరం రాకూడదు.

బతికున్నవాళ్ళు ఎవరైనా పేరు మార్చుకుంటామంటే హాయిగా మార్చుకోవాలి, ఎవరూ అడ్డు చెప్పకూడదు. నా పేచీ పోయినవాళ్ళ పేర్లు మార్చడంతో. ఫ్లెక్సీల మీద, దశదినకర్మ కార్డుల మీద, పిల్లలు బడిలో గీసే వంశవృక్షాల్లో పెంటమ్మలు పద్మలవుతున్నారు, పుల్లమ్మలు పుష్పలవుతున్నారు, పిచ్చమ్మలు ప్రమీలలవుతున్నారు. ఇంకో ముప్ఫై ఏళ్ళకు మన ఇళ్ళల్లో ముగ్గురు పిల్లలు పోయిన తర్వాత నాలుగో పిల్ల పుట్టిందన్న సంగతి చెప్పే ఆధారమే ఉండదు. నర్సవ్వకు చదువు రాదు. పోయిన ఆ ముగ్గురి పేర్లు ఎక్కడా రాసి లేవు, నాయినమ్మకూ తెలియవు. వాళ్ళు పుట్టారనడానికి మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గుర్తు వాళ్ళ చెల్లెలి పేరు.

ఈ మాఘంలో సంవత్సరీకం. పొలం గట్టున నాయినమ్మ గద్దెకు రాయి వేయించాలని చిన్నాయన ఫోన్ చేశాడు. ఏం పేరు రాయించాలని ఆయనే అడిగాడు. లచ్చవ్వ ఏడుపు ఆయన్నీ వదిలిపెట్టలేదు. నేను చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. సరే బిడ్డా అన్నాడు.

రాళ్ళు చెక్కే ఆయన నల్లరాయి మీద సుద్దతో రాసి వాట్సాప్‌లో ఫొటో పంపించాడు, సరిచూసుకోమని. పైన పెంటమ్మ. కింద మామూలుగా రాసేటట్టు ‘భర్త’ అని మా తాత పేరు. చిన్నాయన ఆ ఫొటోను చాలాసేపు చూసి, ఆయనకు ఫోన్ కలిపి, ఇంకో వరస పడుతుందా అని అడిగాడు. పడుతుంది, అక్షరాలు కొంచెం చిన్నవి చేయాలన్నాడాయన.

"చెయ్యి. భర్త పేరుకు పైన రాయి. తల్లి నర్సవ్వ."